ఇంజను కుదిరింది

పొద్దుటి నుంచి రామాంజనేయులు బావి గట్టు మీద ఇంజనుతోనే ఉన్నాడు. ఆ కిరసనాయిలు ఇంజను నల్లపొగ కక్కుతూ, మూలుగుతూ తిరుగుతోంది. ఆపి కార్బురేటరు విప్పాడు. అందులో ఆయిలు చిమ్మే సన్నరంధ్రపు జెట్టు నోట పెట్టుకుని ఊదాడు. నాలుక భగ్గుమంది. మళ్ళీ బిగించి తిప్పాడు. అదే మూలుగు.

"ఆయిలు ఎక్కువ, గాలి తక్కువ. అదే దీని రోగం," అన్నాడు.

"దాని రోగం సరేనయ్యా, నీళ్ళు సన్నబడ్డాయి. తోట పూత మీదుంది," అని మిరపసాళ్ళలోంచి అరిచింది అతని భార్య వెంకటేశ్వరమ్మ.

"వస్తాయిలేవే. ఇంజను ఊపందుకోవద్దూ!"

గాలి స్క్రూ కొంచెం తిప్పి, చెవి పెట్టి విన్నాడు. ఇంకొంచెం తిప్పాడు. ఎండ నెత్తికెక్కింది. నడుము లాగేస్తోంది. ఇక తన వల్ల కాదని లేవబోతుంటే ఇంజను గొంతు మారింది. మూలుగు పోయింది, పొగ పలచబడింది. కుట్టుమిషనులా హాయిగా తిరగసాగింది.

రామాంజనేయులు అక్కడే చతికిలబడి కళ్ళు మూసుకున్నాడు. భార్య వచ్చిన అలికిడి విని, కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"విన్నావా? కుదిరింది."

ఆమె పార కింద పెట్టింది. "గొట్టం చూడయ్యా."

గొట్టంలోంచి చుక్క రావడం లేదు. వంగి చూస్తే బావి అడుగున బురద మెరుస్తోంది. ఎత్తడానికి నీళ్ళు లేక, బరువు దిగి, ఇంజను తేలిగ్గా తిరుగుతోంది.

"ఆపెయ్యి. కిరసనాయిలు దండగ."

రామాంజనేయులు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"కాసేపు తిరగనీవే. మన ముగ్గురిలో దానికొక్కదానికైనా సుఖంగా ఉంది."