వెనక వచ్చిన బండి

కారు డోరు తెరిచి ఉంది. లోపలి నుంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

మనిషి వెల్లకిలా పడుకుని, స్టీరింగు కిందికి తల దూర్చి, కొత్త స్టీరియోకి వైర్లు కలుపుతున్నాడు. గంటన్నరగా అదే పని.

కుడికాలి బొటనవేలికి దెబ్బ తగిలినట్టుంది. గుడ్డకు బదులు వైర్లకు చుట్టే నల్ల టేపు చుట్టుకున్నాడు.

అది చూసి రేఖకు నవ్వొచ్చింది.

“మా బాలప్ప ముఖం ఏ గిరాకీ చూసిండడక్కా. కాళ్ళు చూసే గుర్తుపడతారు” అన్నాడు అంగడి యజమాని అనిల్ కుమార్.

“నా ముఖం చూస్తే గిరాకీ రాదని నువ్వే అంటివి గదన్నా” కారు లోపలి నుంచి జవాబొచ్చింది.

సీడీల సెట్టు తీసేసి పెన్ డ్రైవుది పెట్టించాలన్నది రేఖ భర్త దివాకర్ పట్టు.

“కుందుర్పి రోడ్డులో గుంత గుంతకూ సీడీ ఎగురుతాది. ఇదైతే ఎగరదు. ఎన్ని పాటలైనా పడతాయంట.”

రేఖకు అన్ని పాటలు అక్కర్లేదు. ఒక్కటి చాలు.

వాళ్ళ నాయన పోయే ముందు ఏడాది పాడిన తత్వం అది. గుంతకల్లులో క్యాసెట్ నుంచి సీడీలోకి ఎక్కించారు. తర్వాత క్యాసెట్ బూజు పట్టిపోయింది. ఇప్పుడు ఉన్నది ఆ ఒక్క సీడీనే. పాట మధ్యలో నాయనకు దగ్గు వస్తుంది. “రేఖా, ఇన్ని నీళ్ళు తేమ్మా” అంటాడు. మళ్ళీ అందుకుంటాడు.

పొద్దున కళ్యాణదుర్గం వచ్చేదాకా అదే విన్నారు. అంగడి ముందు దివాకర్ తాళం తిప్పి కారు ఆపేసరికి నాయన ఇంకా పాడుతూనే ఉన్నాడు.

“నాయన పాట ఎక్కిందా?” అని అడిగింది.

“మీ డబ్బాలో సీడీలన్నీ ఎక్కించినామక్కా. రెండు వందల పద్నాలుగు పాటలు.”

పాత సెట్టు అంగడికే ఇచ్చేసి, సీడీల డబ్బా వెనక సీటులో పడేసి బయలుదేరారు.

రేఖ బటన్ నొక్కుతూ కూర్చుంది. ఎర్ర అంకెలు మారుతున్నాయి. పదిహేడు. పద్దెనిమిది. నాయన రాలేదు.

“వస్తాదిలే. మామ యాడికి పోతాడు?” నవ్వాడు దివాకర్.

అంతలోనే అద్దంలోకి చూసి నవ్వు ఆపేశాడు.

వెనక ఒక మోపెడ్. నడిపే మనిషి ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు.

దివాకర్ అన్న జయరాముడు సర్పంచిగా గెలిచి మూడు నెలలు కాలేదు. పదిహేను రోజుల కింద ఇదే రోడ్డులో ఎవరో అతని జీపును వెంబడించి అద్దాలు పగలగొట్టారు. ఆ రోజు నుంచి అత్త ఓబులమ్మ ఇంట్లో అందరికీ ఒకటే మాట చెప్పి పంపుతోంది.

“మూడు మలుపులు దాటినా వెనక బండి వదలకపోతే యాడా ఆపొద్దండి. నేరుగా ఊర్లోకి రాండి.”

మొదటి మలుపు. మోపెడ్ ఉంది.

రెండో మలుపు. ఉంది.

“మనకోసం కాదేమో బావా.”

“మాట్లాడొద్దు. అద్దం పైకెత్తు.”

మూడో మలుపు. కారు గుంతల్లో దిగి లేచేసరికి మోపెడ్ ఇంకా దగ్గరైంది. ఆ మనిషి ఏదో అరుస్తున్నాడు. ఒక చేయి పైకెత్తి ఊపాడు.

ఆ చేతిలో ఏదో ఎండకు తళుక్కుమంది.

“కత్తి!” అన్నాడు దివాకర్.

రేఖ వేలు బటన్ మీదే బిగుసుకుపోయింది. పాటలు ఒకదాని మీద ఒకటి మారిపోతున్నాయి. రోడ్డుకు రెండు పక్కలా ఎండిన వేరుశనగ చేలు. పిలిస్తే పలికే మనిషి లేడు.

దివాకర్ ఒంటి చేత్తో ఫోన్ చెవికి పెట్టాడు.

“అన్నా! ఒకడు వెంట పడినాడు. చేతిలో కత్తి ఉండాది. మోపెడ్ మీద వస్తాండాడు!”

పావుగంట అలాగే ఉరికించాడు. గుంత వచ్చినా బ్రేకు తొక్కలేదు. ఊరి మొదట్లో ఏడెనిమిది మంది కట్టెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కారును పోనిచ్చి, మళ్ళీ రోడ్డుకు అడ్డంగా నిలిచారు.

దివాకర్ కారు ఆపాడు.

“బతికినాం రేఖా.”

రేఖ ముందున్న ఎర్ర అంకె రెండు వందల పద్నాలుగు దాటి మళ్ళీ ఒకటికి వచ్చింది.

నాయన పాట లేదు.

డబ్బాలో ఉన్నవి మాత్రమే ఎక్కించారు. నాయన డబ్బాలో లేడు. పొద్దున ఆగిపోయిన పాత సెట్టులోనే ఉన్నాడు.

ఎండకు తళుక్కుమన్నది ఒక్కసారిగా ఆమె కళ్ళముందు మెదిలింది.

“బావా, కొట్టొద్దని చెప్పు!” డోరు తోసుకుని దిగింది.

అప్పటికే మొదటి కట్టె లేచింది. మోపెడ్ పల్టీ కొట్టి మనిషి మీదే పడింది. ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి.

రేఖ పరుగెత్తి వచ్చేసరికి దుమ్ము సద్దుమణుగుతోంది.

“కత్తి యాడరా?” అంటున్నాడు జయరాముడు.

“కత్తి కాదన్నా. ఏదో సీడీ.”

మనిషి కదలడం లేదు. చేయి మాత్రం నేలకు ఆననీయకుండా మోపెడ్ హ్యాండిల్ మీదికి ఎత్తి పెట్టుకున్నాడు. వేళ్ళ మధ్య సీడీ మీద గీత కూడా పడలేదు.

తువ్వాలు జారి ముఖం బయటపడింది. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

“ఎవరమ్మా, నీకు తెలుసునా?” అడిగాడు జయరాముడు.

రేఖ అతని కాళ్ళ వైపు చూసింది. మోపెడ్ కింది నుంచి బయటికి వచ్చిన కుడికాలి బొటనవేలికి, వైర్లకు చుట్టే నల్ల టేపు చుట్టి ఉంది.