రెండు చుక్కల పరుగు

“గుడ్డ విప్పి చూడందే నేను బేరం ఖాయం చెయ్యను అన్నయ్యగారూ. పిల్ల ఆరోగ్యం విషయంలోనూ అంతే,” అంది కొడుక్కి సంబంధం చూడటానికి వచ్చిన బట్టలకొట్టు యజమానురాలు.

అమ్మాయి తండ్రికి సొంత ల్యాబ్ ఉంది. ఆయన నవ్వేశాడు.

“మీ కళ్లముందే పరీక్ష చేస్తాను చెల్లెమ్మా. కాకపోతే అబ్బాయికీ చేద్దాం. కిడ్నీ జబ్బుని పైకి కనపడకముందే మూత్రంలో పట్టేసే పరీక్ష ఇది.”

ఆవిడ సరేనంది. కొడుకు గుండ్రాయిలా ఉన్నాడు, ఇంక భయమేంటి?

రెండు సీసాలు లోపలికి వెళ్లాయి. కాసేపటికి ఆయన ఆవిణ్ణి మిషను దగ్గరికి పిలిచాడు. బొటనవేలంత గాజు చిప్. అందులో వెంట్రుక కన్నా సన్నటి కాలువ. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, తక్కెడ ముల్లు చూసినట్టు చూసింది.

“కరెంటు పెట్టగానే ప్రొటీన్ ముక్కలు పరుగెడతాయి. చిన్నవి ముందు, పెద్దవి వెనక. దాటిన ప్రతి ముక్కకీ తెరమీద ఒక గుట్ట లేస్తుంది. ఇది మా అమ్మాయిది.”

చుక్క పడింది. గీత దాదాపు చదునుగా సాగింది.

“ఇది మీ అబ్బాయిది.”

కొత్త చిప్. గుట్ట మీద గుట్ట లేచింది. ఆయన మొహం వాడిపోయింది.

“ఉండకూడని ముక్కలే అన్నీ. మందులతో కొన్నేళ్లు లాగొచ్చు. తర్వాత ఎవరో ఒకరు కిడ్నీ ఇవ్వాల్సిందే.”

ఆవిడ కుర్చీలో కూలబడింది. ఒక్క నిమిషమే. పాడైన సరుకు ముందు ఏడుస్తూ కూర్చుంటే కొట్టు నడవదు. ఆ చదునైన గీత కళ్లలో మెదిలింది. బయోడేటాల్లో చూసింది, ఇద్దరిదీ ఒకటే బ్లడ్ గ్రూపు.

“ఈ సంబంధం మీరు వద్దన్నా తప్పులేదు,” అంది కళ్లొత్తుకుంటూ.

“ఛ ఛ! మాటిచ్చాక వెనక్కి పోతానా?”

వెర్రిబాగులవాడు, అనుకుంది. ఆయన మనసు మారకముందే ముహూర్తాలూ గట్రా అనకుండా రిజిస్టరు పెళ్లికి తొందరపెట్టింది.

కొడుకు మాత్రలు మింగుతూ కుంగిపోయాడు.

“అంతా తెలిసే నన్ను చేసుకుంటోందా అమ్మా?”

“నీ అదృష్టంరా. రేపు అవసరం పడితే ఇంట్లోనే ఉంటుంది.”

“ఏంటి?”

“మనిషి,” అంది ఆవిడ.

వాడి కళ్లు చెమర్చాయి. “తనకే ఏదైనా అయితే నా ప్రాణం ఇచ్చేస్తానమ్మా.”

“ఇద్దువుగానిలే, ముందు మాత్ర వేసుకో.”

సంతకాలు అయ్యాయి. ఆఫీసు మెట్ల మీద ఆవిడ కోడలి నడుము నిమిరింది. “నీళ్లు బాగా తాగు తల్లీ. ఒళ్లు జాగ్రత్త.”

ఆవిడ డ్రైవరుతో మాట్లాడటానికి అటు తిరగ్గానే, తండ్రి కూతుర్ని దగ్గరికి తీసుకుని చెవిలో అన్నాడు:

“సీసాలు మార్చిన సంగతి నోరు జారకు తల్లీ, నీ మందులు చాటుగా వేసుకో, అబ్బాయి కిడ్నీలు రెండూ బంగారం.”