ఎర్మీన్ ఇంటి మీదుగా

“కాళ్లు విరిగినా సరే, ఇవాళ నేను ఎగిరే తీరతా!”

ఒజేలీ కొండ అంచున గడ్డిలో చతికిలబడి కూర్చుంది. తొడలకీ భుజాలకీ పట్టీలు బిగించేసి ఉన్నాయి. నెత్తిన హెల్మెట్. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, పది మంది లాగినా లేచేలా లేదు. ఎదురుగా నాలుగు గజాల్లో నేల ఆగిపోతోంది. దాని కింద చెరకు తోటలు, ఇంకా కింద నల్లరాతి ఒడ్డు, ఆవల సముద్రం.

“అమ్మా, నీకు దండం పెడతా, లే, ఇంటికి పోదాం,” అంది కూతురు నాదేజ్. “నిన్న చర్చి మెట్లెక్కి అరగంట ఆయాసపడ్డావు.”

“అది ఎక్కడం. ఇది దిగడమేగా!”

జిస్లాన్ నవ్వు ఆపుకున్నాడు. పారాచూట్ లాంటి గుడ్డ కింద మనుషుల్ని తన ముందు కట్టుకుని ఈ కొండ మీది నుంచి గాలిలోకి తీసుకుపోవడం అతని పని. “మామ్మా, పది అడుగులు పరిగెత్తగలవా? అంతే చాలు.”

“పండక్కి కోడిని పట్టేది మా ఇంట్లో ఎవరనుకున్నావురా, అబ్బాయ్?”

“ఇదంతా పెద్దమ్మ మీద పంతం!” అని నాదేజ్ అతనితో మొర పెట్టుకుంది.

పంతమే. ఎర్మీన్ ఒజేలీకి సొంత అక్క. ఇద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక ఎర్మీన్ ఎవరితోనో, చెల్లెలికి వినబడేలా, “మా ఒజేలీనా? బల్బు మార్చడానికి స్టూలెక్కినా కళ్లు తిరుగుతాయి దానికి,” అంది. అందరూ నవ్వారు. ఆ మర్నాడే ఒజేలీ సంతలో చేపలమ్మేవాళ్ల దగ్గర్నుంచి మిరపకాయ వడలమ్మేవాళ్ల దాకా అందరికీ చాటింపు వేసేసింది: గురువారం పది గంటలకు ఎర్మీన్ ఇంటి మీదుగా ఎగురుతున్నానని.

“ఆవిడ ఈ వేళకి వాకిట్లో కూర్చుని కూరలు తరుగుతుంటుంది,” అంది ఒజేలీ. “తలెత్తి నన్ను చూడాలి. అంతే. చూశాక కింద పడేసినా నేనేమీ అనుకోను.”

“పడెయ్యను మామ్మా, నేనూ నీతోనే కదా ఉండేది! లే, గాలి వచ్చింది. పరిగెత్తు! కూర్చోకు, పరిగెత్తు!”

వెనక పరిచిన పసుపుపచ్చ గుడ్డ ఒక్కసారిగా ఉబ్బి నెత్తి మీదికి లేచింది. ఒజేలీ కళ్లు గట్టిగా మూసుకుని పరిగెత్తింది. పరిగెత్తుతూనే ఉంది.

“మామ్మా, ఇక ఆపొచ్చు. నేల అయిపోయింది.”

ఆమె కళ్లు తెరిచింది. కాళ్ల కింద ఏమీ లేదు!

“వామ్మో!” అంది. తర్వాత ఇంకా గట్టిగా, “ఓహోహో!” అంది. కళ్లు తిరగలేదు. గుండె మాత్రం డప్పులా మోగుతోంది. చెరకు తోటలు పచ్చటి దుప్పట్లలా పరుచుకుని ఉన్నాయి. ఎప్పుడో లావా పారి గడ్డకట్టిన రాళ్ల మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. పొడుగు తోక తెల్లపిట్ట ఒకటి పక్కనుంచే పోయింది, వాళ్ల కంటే కిందుగా! చుట్టూ రంగురంగుల గుడ్డల కింద ఇంకొందరు వేలాడుతూ తిరుగుతున్నారు. ఒజేలీ అందరికీ చేతులూపింది.

“ఇంకా పైకి పోరా!”

“వేడిగాలి తగిలింది, పట్టుకో!” అన్నాడు జిస్లాన్. ఎవరో కిందనుంచి ఎత్తి విసిరినట్టు ఇద్దరూ జివ్వున లేచారు. ఒజేలీ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది.

“అదిగో, ఎర్ర రేకుల ఇల్లు! ఎడమకి! ఇంకా ఎడమకి! కొంచెం దిగు, నా మొహం కనబడాలి!”

అతను చుట్టు తిప్పుకుంటూ కిందికి తెచ్చాడు. ఒజేలీ జుట్టు సర్దుకోబోయింది, హెల్మెట్ అడ్డం వచ్చింది. తిట్టడానికి నాలుగు రోజులుగా కూర్చుకున్న మాటలన్నీ నాలుక చివరికి తెచ్చుకుంది.

వాకిట్లో ఎవరూ లేరు.

కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. దండెం మీద ఒక్క బట్ట లేదు. వంటపాకలోంచి పొగ రావడం లేదు.

“ఇంకో చుట్టు తిప్పు,” అంది. ఆ చుట్టులోనూ ఎవరూ రాలేదు.

“ఊరెళ్లిందేమో మామ్మా.”

“ఎక్కడికీ వెళ్లదు. పది గంటలకి పొయ్యి మీద కూర ఉడకని రోజు ఆ ఇంట్లో లేదు.” ఒజేలీ ఇంటి వైపే మెడ తిప్పింది. “డెబ్బై నాలుగేళ్లురా దానికి. ఒక్కతే ఉంటుంది. పడిపోతే లేపే దిక్కు లేదు. దించు నన్ను. అక్కడే, ఆ వాకిట్లోనే దించు!”

“కుదరదు మామ్మా. చుట్టూ కరెంటు తీగలు, చెరకు. బీచ్‌లో దిగి కారులో వద్దాం.”

“అందాకా దానికేమన్నా అయితే?”

ఇల్లు మెల్లగా వెనక్కి జారిపోతోంది. ఒజేలీ పట్టీల్లోంచి ముందుకు వంగి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

“అక్కా!”

ఆ పిలుపు ఆమె నోట వచ్చి నాలుగేళ్లయింది.

“ఎర్మీనక్కా! బయటికి రావే! తిట్టడానికైనా రావే! తప్పు నాదేనే, ఒక్కసారి కనబడవే!”

కన్నీళ్లు గాలికి చెంపల మీద అడ్డంగా పారుతున్నాయి. ఎర్ర రేకుల మీదికి ఆమె గొంతు వెళ్లిందో లేదో తెలియదు. తలుపు తెరుచుకోలేదు.

అప్పుడు ఆమె మీద ఒక నీడ పడింది. నెత్తి మీద, నారింజ రంగు గుడ్డ కింద, రెండు ముసలి పాదాలు గాలిలో ఊగుతున్నాయి. ఆ పాదాల పైనుంచి గొంతు వినిపించింది:

“అక్కడెక్కడ వెతుకుతున్నావే పిచ్చిమొహమా, అరగంట నుంచి నీకోసం ఇక్కడే తిరుగుతున్నా!”