మూడు ఆవుల తండ్రి

పశువుల పోటీలో మొదటి, రెండో, మూడో బహుమతులు మూడూ ఒకే కొట్టానికి వచ్చాయి. ఆ కొట్టం ఆవులక్కది. తనకన్నా పెద్దవాళ్ళు కూడా ఆవిడను అలాగే పిలుస్తారు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ మాత్రం మూడు రిబ్బన్లూ పట్టుకుని కొండంత దిగులుతో నిలబడింది.

"మూడింటికీ తండ్రి ఒక్కటేనటగా!" అన్నాడు న్యాయనిర్ణేత. "ఇలాంటి నడక, ఇలాంటి పొదుగు నా సర్వీసులో చూడలేదు. ఆ ఆబోతు ఎక్కడుందమ్మా?"

"అమ్మేశానండీ. ఐదేళ్ళయింది."

"ఎందుకు?"

"ఒక కొమ్ము వంకర."

ఆయన తల పట్టుకున్నాడు. కానీ ఆవులక్కను మాత్రం ఏమనగలం? అప్పటికి ఈ మూడూ తల్లుల కడుపుల్లోనే ఉన్నాయి. ఆబోతు సంగతి దాని కూతుళ్ళు ఎదిగితేగానీ తేలదు. అంతవరకూ ఆగే ఓపిక ఎవరికుంటుంది? పోయిన వేసవిలో ఆవిడ ముసలి ఆబోతు చనిపోయింది. దాని స్థానంలో నిలబడే కోడె కోసం అప్పట్నుంచీ ఆవిడ తిరగని కొట్టం లేదు. దొరక్కపోతే ముప్పై ఏళ్ళు కష్టపడి పెంచిన జాతి తనతోనే ఆగిపోతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికేవాళ్ళే నయం. ఈవిడ చంకలో పిల్లను అమ్మేసి మరీ వెతికింది.

అమ్మినదాన్ని మళ్ళీ కొనుక్కోవచ్చు. కానీ కొన్నవాడు నీళ్ళ బండి తోలే మనిషి, సాధువుగా ఉండే ఎద్దు కావాలన్నాడు. అందుకని అమ్మే రోజు పొద్దున్నే ఆవిడ దానికి, ఇక దూడల్ని పుట్టించకుండా, విత్తు కొట్టించింది.

ఆవులక్క మైదానం నుంచి నేరుగా పశువుల ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన కాంపౌండరు ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు.

"కాంపౌండరు గారూ, ఐదేళ్ళ కిందట నా వంకర కొమ్ము కోడెకు నరాలు నొక్కింది మీరే కదా?"

"నేనే."

"సరిగ్గానే నొక్కారా?"

ఇన్నేళ్ళకు ఫిర్యాదు వచ్చిందనుకుని ఆయన గుండెల్లో రాయి పడింది. "భలేవారే! నా చెయ్యి పడ్డాక ఇక తిరుగుంటుందా? రెండు నరాలూ పుటుక్కుమన్నాయి!"

ఆవులక్క మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే సంగతంతా చెప్పింది. కాంపౌండరు పేపరు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"అక్కా, ఆ రోజు నన్ను లోపలికి పంపి మీరు బయట తలుపేశారు. అది ఒక్క తాపు తన్నింది. నరాలు నొక్కే పటకారు ఎగిరి గడ్డిలో పడింది. నాకు ప్రాణం మీద తీపి. పావుగంట మూలన నించుని, చెమట తుడుచుకుని, అయిపోయిందని చెప్పి బయటికొచ్చేశా. ఆ పనికి గాయం ఉండదు, కట్టు ఉండదు. మీకెలా తెలుస్తుంది?"

ఆవులక్క లేచి ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మీ పిరికితనం చల్లగుండ! నా మందను నిలబెట్టారు. ఈ జన్మకు మీ రుణం తీర్చుకోలేను."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో చేసిన పనులకు ఆయనకు ఇంత మెప్పు ఎప్పుడూ దొరకలేదు. చెయ్యని పనికి దొరికింది. సిగ్గుతో, సంతోషంతో ఆయన మొహం ఎర్రబడింది.

"నా సంగతి సరే. నా ఉద్యోగం పరువు మా అమ్మాయి నిలబెడుతోందిలెండి. అదే ఆస్పత్రిలో డాక్టరు. పులినైనా పట్టుకుని సూది పొడుస్తుంది," అంటూ చెప్పులేసుకుని తనూ బయల్దేరాడు.

నీళ్ళ బండివాడి ఇంటి వెనక రేకుల పాకలో ఉంది అది. కొమ్ము వంకర అలాగే ఉంది. మిగతా ఒళ్ళంతా ఎంతసేపు చూసినా తనివి తీరేలా లేదు. ఆవులక్క దాని గంగడోలు నిమురుతుంటే కళ్ళు మూసుకుని తల ఎత్తింది.

"ఇన్నేళ్ళూ బిడ్డలా చూసుకున్నావు బాబూ, నీకు దండం పెడతాను. దీన్ని నాకిచ్చి, నా దగ్గరున్న మంచి ఎద్దుల జత తోలుకుపో."

"జతే! అంతకన్నానా అక్కా!" బండివాడు ఉబ్బిపోయాడు. "వీడితో పడలేక చచ్చాననుకో. లాగడంలో వంక లేదు. దారిలో ఆవు కనబడిందో, డ్రమ్ములతో సహా దాని వెంటే పోయేవాడు. నేను వీధివీధికీ నీళ్ళు పోస్తే, వీడు దూడల్ని పంచాడు."

ఆవులక్క, కాంపౌండరు పకపకా నవ్వారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఇప్పుడా బెడద లేదులే. విసుగొచ్చి పోయిన వారమే ఆస్పత్రికి తోలుకెళ్ళి ఆ పని కాస్తా చేయించేశా."

ఆవులక్క చెయ్యి ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"ఎవరు చేశారు?" అన్నాడు కాంపౌండరు.

"ఇంకెవరు, మీ అమ్మాయే. డాక్టరమ్మ చెయ్యి మంచిదండీ, ఇలా తీసుకెళ్ళి అలా పంపించేసింది."

కాంపౌండరు కూతురికి ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా పెట్టాడు.

"అమ్మా, పోయిన వారం నీళ్ళ బండి ఎద్దుకు..."

"ఆ, బ్రహ్మాండంగా చేశాను. ఏం, ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

ఆవులక్క బండి చక్రానికి ఆనుకుని బావురుమంది.

"నాన్నా, ఎవరు ఏడుస్తున్నారు?"

"ఆవులక్క. తన మందకు ఆబోతు కోసం ఏడాదిగా వెతుకుతోంది. అది ఇదేనమ్మా."

 డాక్టరమ్మ గొంతు బాగా తగ్గించింది.

"ఏడవొద్దని చెప్పు నాన్నా. పటకారు చేతిలోకి తీసుకోగానే వాడు వెనక్కి తిరిగి నావంక ఒక్క చూపు చూశాడు... ఉత్త మందు పూసి పంపించేశా."