ఎనభై మూడో సంవత్సరం పేజీ

"ఆ పేజీ చదవొద్దమ్మా, నీకు దండం పెడతాను" అన్నాడు ఇమ్రిఖ్, మెట్లెక్కిన ఆయాసంతో.

బ్లజేనా మైకు ముందు కూర్చుని ఉంది. స్లొవాకియాలో చిన్న ఊళ్లన్నింటికీ ఉన్నట్టే మాకూ వీధి స్తంభాల మీద స్పీకర్లున్నాయి. కోడిపిల్లల బండి వచ్చినా, ఎవరైనా పోయినా అందులో బ్లజేనా గొంతే వినాలి. తలుపులు వేసుకున్నా తప్పించుకోలేం. ఊరికి ఏడువందల ఏళ్లు నిండాయని ఇప్పుడు రోజూ పదింటికి ఏటేటా రాసిపెట్టిన ఊరి చరిత్ర పుస్తకంలోంచి ఒక్కో సంవత్సరం చదువుతోంది. నిన్న పంతొమ్మిది వందల ఎనభై రెండు అయింది.

"అందులో ఏముంది బాబాయ్?"

"అలోయిజ్‌ని పట్టుకెళ్లింది ఆ ఏడే కదా."

"అవును. నేలమాళిగలో దొంగచాటుగా ప్రార్థన పుస్తకాలు అచ్చేశాడని మూడేళ్లు లోపలేశారు."

ఇమ్రిఖ్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. ఎనభై ఏళ్ల మనిషి తలెత్తలేకపోయాడు.

"పోలీసులకి చెప్పింది నేనే. మెచ్చుకుని నా పేరు ఊరి పుస్తకంలో రాయిస్తామన్నారు అప్పటి కమ్యూనిస్టు పార్టీవాళ్లు. ఇప్పుడది స్పీకర్లలో వస్తే వీధిలోకి ఏ మొహం పెట్టుకుని రాను? అలోయిజ్ మనవరాలే నాకు రోజూ రొట్టె తెచ్చిస్తుంది."

"ఎందుకు చెప్పావు?"

"చెప్పకపోతే మావాడికి కాలేజీలో సీటు రాదన్నారు."

"వచ్చిందా?"

"వచ్చింది." ఆ మాట అంటుంటే ఆయన మీద ఆయనకే అసహ్యం వేసింది.

బ్లజేనా పుస్తకం ఆయన వైపు తిప్పింది. 'బాధ్యత గల ఒక పౌరుడు ఇచ్చిన సమాచారంతో' అని ఉంది. పేరు లేదు.

ఇమ్రిఖ్ మూడుసార్లు చదివాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే సరిపోయేది కదా అని తనను తాను తిట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పవు కదమ్మా?"

"ఈ పేజీ నేను ఎలాగూ దాటేసేదాన్నే" అంది బ్లజేనా. "నా సిగ్గు నాకుంది."

"నీకెందుకు సిగ్గు?"

బ్లజేనా పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"అచ్చుకి కాగితాలు తెచ్చిచ్చింది మా నాన్న. ఇద్దర్నీ పట్టుకెళ్లి, మర్నాడే ఆయన్నొక్కణ్ణి వదిలేశారు. పట్టించింది ఆయనేనని ఊరంతా అంది. నేనూ నమ్మాను. పోయేదాకా ఆయనతో మాట్లాడలేదు బాబాయ్."