ఉమ్మడి గీత

"ఇది ఉమ్మి పరీక్షా, ఉమ్మడి పరీక్షా?" అని భోజనాల గదిలో అరిచాను. సుందర్‌గఢ్ హాకీ హాస్టల్ కోచ్‌ని కదా, నా జోకుకి అమ్మాయిలు నవ్వాలి. నవ్వలేదు.

నెలంతా రోజూ పొద్దున్నే వాళ్ళు నింపి ఇచ్చిన ఉమ్మి సీసాలు తీసుకుని హార్మోన్లు కొలిపించిన నర్సు బాసంతీ దీదీ ఆ కొలతల గీతలున్న రెండు కాగితాలు అప్పుడే నాకు చూపించింది. బినీతా గీత, సలోమీ గీత ఒకే రోజు ఎక్కి, ఒకే రోజు దిగాయి.

"కవలలకైనా ఇంతలా కలవవు సార్!"

సలోమీ తల దించుకుంది. బినీతా నోరు విప్పింది. "రెండు సీసాల్లోనూ నేనే ఉమ్మాను సార్. దీనికి నాలుగు నెలలుగా నెలసరి రావట్లేదు. తెలిస్తే కడుపంటారు, ఇంటికి పంపేస్తారు."

దీదీ సలోమీని లోపలికి తీసుకెళ్ళి పరీక్షించి వచ్చింది. "కడుపు కాదు సార్, కడుపు నిండకపోవడం. తిండి తగ్గి పరుగు పెరిగితే నెలసరి ఆగిపోతుంది. రాత్రిపూట అన్నం మాన్పించిందెవరు?"

అందరూ గోడ వైపు చూశారు. 'తగ్గితేనే నెగ్గుతారు!' నా ప్రాసే, నా చేతిరాతే.

"నన్ను పంపేస్తారా సార్?" అంది సలోమీ.

"ఈ టోర్నీకి ఆడవు. నీ మంచం మాత్రం నీదే."

తర్వాత అందరికీ వినపడేలా చెప్పాను.

"తప్పుడు ఉమ్మి బినీతాది. తప్పు నాది."