గోడమీద పేగుల చప్పుడు

ఈశ్వరికి అన్నిటికంటే భయం వంటింటి గోడమీది డబ్బా మూగపోవడం. అత్త పైడమ్మ నడుముకున్న పట్టీ ఆవిడ పేగుల చప్పుడు వింటుంది. డబ్బా దాన్ని రోజంతా గురగురమని ఇంట్లో వినిపిస్తుంది. పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడిదే మోత. పాత కోత దగ్గర పేగులు అతుక్కుని దారి మూసుకుపోతే డబ్బా ఆగుతుంది, ఆసుపత్రి బండి తనంతట తానే బయల్దేరుతుంది.

ఆ పొద్దున డబ్బా హుషారుగానే మోగుతోంది. పైడమ్మ మాత్రం గంజి ముట్టకుండా పెరట్లో పచ్చగా వాంతి చేసుకుంది.

"పొట్ట డోలులా బిగిసిపోనాది కదత్తా!"

"ఓలె, డబ్బా మోగతంది కదా. నీకేటి బెంగ?"

అంతలో డబ్బాలో ఎక్కిళ్లు వినిపించాయి. పైడమ్మకు ఎక్కిళ్లు లేవు. ఈశ్వరి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తింది. పాలు తాగి ఎక్కిళ్లు పెడుతున్న తన పసివాడి పొట్ట కింద, మడతపెట్టిన గుడ్డలో, అత్త పట్టీ వెచ్చగా ఉంది.

"మల్లీ కోసేత్తారే," అంది పైడమ్మ ఏడుపు గొంతుతో. "కోత్తే మల్లీ అతుక్కుంటాయి. నానెల్లను."

"అందరికీ కొయ్యరత్తా. ముందు తిండీ నీల్లూ ఆపేసి, ముక్కులో గొట్టమేసి, సెలైనెట్టి సూత్తారు. దాచుకుంటేనే ముప్పు."

ఈశ్వరి పట్టీని ఆవిడ నడుముకు చుట్టింది. ఖాళీ బిందెలో నీటిచుక్కలు పడ్డట్టు డబ్బాలోంచి సన్నని చప్పుడొచ్చింది. ఆ తర్వాత ఇల్లంతా మూగపోయింది. బండి వచ్చేదాకా ఇద్దరూ చేతులు పట్టుకుని ఆ నిశ్శబ్దాన్నే వింటూ కూర్చున్నారు.

మీ వంటింట్లోనూ డబ్బా హుషారుగా మోగుతుంటే, ఒక్కసారి లేచి వెళ్లి, పట్టీ మీ పెద్దావిడ నడుముకే ఉందో లేదో చూసి రండి.